మన ఊరి కంపెనీ మనకు తెలుసా?

తణుకులో ఎవరిని కదిపినా ఆంధ్రా షుగర్స్ గురించి నాలుగు ముక్కలు చెబుతారు. దాన్ని స్థాపించిన ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారి పేరు, స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టులోనే కంపెనీ పుట్టిన సంగతి, చెరకు బళ్ళు బారులు తీరిన రోజులు. ఆ షేరు కొందామనుకుంటున్న కుర్రవాణ్ణి మాత్రం ఒక ప్రశ్న అడిగి చూడండి: "ఈ కంపెనీకి డబ్బు దేని మీద వస్తుంది?" పేరులోనే ఉంది కాబట్టి చక్కెర మీద అనేస్తాడు. కంపెనీ వార్షిక నివేదిక తెరిస్తే వేరే సంగతి కనబడుతుంది. కొవ్వూరు, సగ్గొండల్లో తయారయ్యే కాస్టిక్ సోడా, దానితోపాటు వచ్చే క్లోరిన్, ఇతర రసాయనాలు, వీటిదే ఆదాయంలో పెద్ద వాటా. తణుకులోనే ఆస్పిరిన్ చేశారు, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం చేశారు. కాస్టిక్ సోడా తయారీకి కరెంటు విపరీతంగా కావాలి. కాబట్టి ఈ షేరు పట్టుకున్నవాడు చెరకు ధర కన్నా కరెంటు ఛార్జీనీ, కాస్టిక్ సోడా రేటునూ ఎక్కువగా గమనించాలి.

ఈ షేరు కొనమనో అమ్మమనో చెప్పడం నా ఉద్దేశం కాదు. రోజూ ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి వెళ్ళేవాళ్ళం కూడా చదవకపోతే దాని గురించి ఇంత పొరపాటు పడతాం. పేరు తప్ప మరేమీ తెలియని కంపెనీల సంగతి చెప్పాలా?

షేరంటే కంపెనీలో యాజమాన్యపు వాటా. ఇక్కడి నుంచి మొదలుపెడితే చాలా గందరగోళం తీరుతుంది. ఆ వాటా ముఖ విలువ ఏ 2 రూపాయలో 10 రూపాయలో ఉంటుంది. మార్కెట్లో పలికే ధరకూ దానికీ సంబంధం ఉండదు. 40 రూపాయల షేరు చవక, 4,000 రూపాయల షేరు ప్రియం అనుకోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు. కంపెనీ మొత్తం విలువ ఎంత, దాని లాభం ఎంత, అప్పు ఎంత అని చూడాలి. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాను ఫోన్లోనే తెరవవచ్చు. ఇవాళ కొన్న షేరు మార్కెట్ తెరిచి ఉండే మరుసటి రోజుకి ఖాతాలో పడుతుంది. ఈ పనులు ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. గంటలో రానిది మరొకటి ఉంది, నమ్మే తీరు మార్చుకోవడం.

గోదావరి జిల్లాల్లో డబ్బు నమ్మకం మీద తిరుగుతుంది. చిట్టీ పాడేది తెలిసినవాళ్ళ దగ్గర. చేబదులు ఇచ్చేది మాట మీద. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినా, నోటు కన్నా మనిషిని చూసే ఇస్తాం. ఊళ్ళో అది పనిచేస్తుంది, ఎందుకంటే ఆ మనిషి రేపు కూడా ఎదురుపడతాడు. ఇదే అలవాటును మార్కెట్లోకి తీసుకెళ్తే ఇల్లు గుల్లవుతుంది. "మనోడే చెప్పాడండీ, ఏం పర్లేదు" అన్న మాట మీద ఎన్ని కుటుంబాల కష్టార్జితం కరిగిపోయిందో! డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టి ఇరుక్కుపోయారు. అది షేర్ మార్కెట్ కాదు. కానీ చాలామంది చేత కట్టించిన ఏజెంటు చుట్టమో పక్కింటివాడో. అతనికీ అసలు సంగతి తెలియదు.

చదివితే సరిపోతుందా అంటే, దానికీ హద్దు ఉంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారిది మన జిల్లాయే, భీమవరం ప్రాంతం. 2008లో ఆ కంపెనీకి సుపరిపాలనకు అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఆయనే లేఖ రాశారు. దాదాపు 180 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజే 40 రూపాయలకు పడిపోయింది. వార్షిక నివేదికను అక్షరం అక్షరం చదివినవాడు కూడా ఆ మోసాన్ని పట్టుకోలేకపోయేవాడు, ఎందుకంటే నివేదికే అబద్ధం. మరి చదువరి చేయగలిగిందేమిటి? ఒకే కంపెనీలో అంతా పెట్టకపోవడం. వైట్ స్పాట్ వైరస్ వస్తే రొయ్యల చెరువు మొత్తం పోతుందని మన రైతుకు బాగా తెలుసు. ఉన్నదంతా ఒకే చెరువులో దింపిన ఏడాది అతనికి నిద్ర పట్టదు. షేర్లకూ ఆ భయం పనికొస్తుంది. కంపెనీలను ఏరుకునే తీరిక లేనివాళ్ళు దేశంలోని 50 పెద్ద కంపెనీలున్న నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత వేసుకోవచ్చు. తొలి అడుగుకు దీన్ని మించిన దారి నాకు కనిపించలేదు.

అలా వేసుకున్నా ధర పడుతుంది. 2020 జనవరిలో 42,000 దగ్గరున్న సెన్సెక్స్ సూచీ మార్చి 23 నాటికి 26,000 దగ్గరకు జారింది. మరుసటి జనవరిలో 50,000 దాటింది. మార్చిలో అమ్మేసినవాళ్ళు ఆ పని చేసింది తెలివి లేక కాదు. చాలామంది ఆస్పత్రికో, ఫీజులకో దాచాల్సిన డబ్బు అందులో పెట్టారు, అవసరం వచ్చేసరికి అమ్మక తప్పలేదు. అందుకే ముందు ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, ఆరోగ్య బీమా ఉండాలి, రెండు రూపాయల వడ్డీ అప్పులు తీరాలి. ఏడాదికి 24 శాతం వడ్డీ కడుతూ షేర్లలో అంతకుమించి సంపాదిస్తానని బయల్దేరడం ధైర్యం అనిపించుకోదు.

కుర్రాళ్ళతో ఒక మాట గట్టిగా చెప్పాలి. టెలిగ్రాం గ్రూపుల్లో రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ళను చూసి, ధరల మీద పందెంలాంటి ఆప్షన్లలోకి దిగకండి. 2021-22 నుంచి మూడేళ్ళ లెక్కలు తీసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఒక అధ్యయనం ప్రకటించింది. ఫ్యూచర్స్, ఆప్షన్లలో ఆడిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. తలా సగటున 2 లక్షల రూపాయలు పోయాయి. ఆ డబ్బులో ఎంత నాన్నకు తెలియకుండా తీసుకున్న యాప్ అప్పో, ఎంత అమ్మ గాజుల మీద తెచ్చిందో ఏ అధ్యయనంలోనూ రాదు. పోయిన డబ్బు కన్నా దాన్ని దాచిపెట్టడం మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది. దాచినవాడు రాబట్టుకోవాలని మళ్ళీ ఆడతాడు.

ఇంట్లో చెప్పి మొదలుపెట్టినవాడికి ఆ ఒత్తిడి ఉండదు. కొనడమో అమ్మడమో జరిగిన నెలకు, షేర్లను భద్రపరిచే డిపాజిటరీ నుంచి మీ షేర్ల వివరాలతో స్టేట్‌మెంట్ ఈమెయిల్‌కు వస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్ళతో కలిసి చూడండి. ఎందుకంటే, హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ తన ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని 2019లో సెబీ చర్య తీసుకుంది. బ్రోకర్ యాప్ చూపించే అంకెకూ డిపాజిటరీ స్టేట్‌మెంట్‌కూ తేడా ఉంటే అదే నెల బ్రోకర్‌ను అడగాలి, జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టాలి. డీమ్యాట్ ఖాతాకు నామినీ పేరు ఇచ్చారో లేదో కూడా ఆ పూటే చూసుకోండి. ఆ నామినీకి, అలాంటి ఖాతా ఒకటి ఉందని చెప్పండి.