లిల్లీ తోటలో వేరు రోగం

హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, మొయినాబాద్ మీదుగా పోతే చేవెళ్ల వస్తుంది. అద్దాల మేడలు వెనకబడతాయి. చేలు మొదలవుతాయి. ఇక్కడి రైతులు లిల్లీ, బంతి, చామంతి పెడతారు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి.

లిల్లీని నేలసంపెంగ అని కూడా అంటారు. దీని పుట్టిల్లు మెక్సికో దేశం. దీనికి గడ్డ నాటుతారు. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూస్తుంది.

ఆ దారిలోనే ఒక ఊళ్లో అత్తాకోడళ్లకు అరెకరం లిల్లీ తోట ఉంది. రెండో ఏడు ఆకు పసుపు బారింది. పూల కాడలు సన్నబడ్డాయి. అత్త అప్పు మీద మందు తెచ్చింది. కోడలు డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"అత్తమ్మా, ఇది ఆకు తినే పురుగుకట. మన ఆకుకు ఒక్క చిల్లు కూడా లేదు గదా!"

ఇద్దరూ ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వారు. కడిగి చూశారు. వేళ్ల నిండా పూసల్లాంటి బుడిపెలు!

ఇది నులిపురుగుల పని. ఇవి నేలలో ఉంటాయి. కంటికి కనబడవు. వేరులో దూరి రసం పీలుస్తాయి. వేరు ఉబ్బుతుంది. నీరు, ఎరువు సరిగా పైకి పోవు. ఆకు మీద ఆ మందు ఎంత కొట్టినా వేరులోని పురుగు చావదు. మూత తీయని డబ్బాను దుకాణందారు వాపసు తీసుకున్నాడు. అప్పు తప్పింది.

"ఈ గడ్డలే తీసి అవతలి చెల్కలో పెడదాం బిడ్డా. కొత్తవి కొనాలంటే పైసలేవి?" అంది అత్త.

"వద్దు అత్తమ్మా. రోగం గూడ వాటితోనే వస్తది."

కోడలి మాట నిజం. గడ్డకు అంటిన మట్టిలో, వేరు ముక్కలో పురుగు దాగి పోతుంది. మంచి నేల కూడా చెడుతుంది. ఇసుక కలిసిన ఎర్ర చెల్కలో ఇది ఇంకా ఎక్కువ. పక్కవాళ్లు ఊరికే ఇచ్చే గడ్డలైనా సరే, వేరు చూసే తీసుకోవాలి.

అత్త రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పార పట్టింది. మొక్కలన్నీ పీకి, వేళ్లు ఏరి కాల్చారు. ఎండాకాలంలో లోతుగా దున్ని మట్టిని ఎండబెట్టారు. వానలు పడగానే బంతి పెట్టారు. బంతి వేరు ఈ పురుగును అణుస్తుంది. పూలు బతుకమ్మకు, దసరాకు అమ్ముడుపోయాయి. బంతికి బదులు టమాట, వంకాయ, బెండ పెడితే లాభం లేదు. ఆ వేళ్లన్నా ఈ పురుగుకు ఇష్టమే. చాలామంది ఇక్కడే పొరబడతారు.

బంతి డబ్బుతో మరుసటి ఏడు శృంగార్ రకం గడ్డలు కొన్నారు. ఇది బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన రకం. నులిపురుగును కొంత తట్టుకుంటుంది. ఉసిరికాయంత గడ్డలు ఏరి నాటారు. నాటే ముందు నేలలో మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపారు.

ఇప్పుడు నెలకోసారి కోడలు ఒక మొక్కను తవ్వుతుంది. అత్త వేరు కడిగి వెలుగులో పట్టి చూస్తుంది.