పోటీ పరీక్షల ప్రత్యేకం: గల్ఫ్ ఏజెంటుకు లైసెన్సు ఎవరిస్తారు?

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెన్సీ పెట్టాలంటే కంపెనీ రిజిస్ట్రేషను, జీఎస్టీ నంబరు ఉంటే చాలదు. వలసల చట్టం, 1983లోని 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. దాన్నిచ్చే అధికారి ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్; ఈయన విదేశాంగ శాఖ పరిధిలో ఉంటారు. కార్మిక శాఖ అని రాసి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. బ్యాంకు గ్యారంటీ కూడా చూపాలి. అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, జీఎస్టీ అదనం. లక్షలు గుంజే ఊరి సబ్ ఏజెంట్లకు ఈ చట్టంలో గుర్తింపే లేదు.

లైసెన్సు లేకుండా నడిపితే 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా. ఆ జరిమానా ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టదు! తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా రిజిస్టర్డ్ ఏజెన్సీయే. ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు.