కాంక్రీటుకు ఆయువు పోసే బూడిద

విద్యార్థులారా! సముద్రతీరంలోని పాత మేడలను ఎప్పుడైనా పరిశీలించారా? శ్లాబు అడుగున పెచ్చులు ఊడి, తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటపడి ఉంటాయి. రాయిలా గట్టిపడిన కాంక్రీటు లోపలికి ఉప్పునీరు ఎలా చేరింది?

సిమెంటులో ఎక్కువ భాగం కాల్షియం సిలికేట్లు. నీరు కలపగానే వాటినుండి ముఖ్యంగా రెండు పదార్థాలు ఏర్పడతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్. ఇసుకను, కంకరను పట్టి ఉంచే జిగురు ఇదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఇది సుమారు ఐదవ వంతు ఉంటుంది. దీనికి బలం తక్కువ. పైగా నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. అది కరిగిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీరు ఊరే శ్లాబుల మీద తెల్లని చారలు చూశారు కదా! బయటికి వచ్చిన సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడుతో కలిసి అలా కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. రంధ్రాలు ఎంత ఎక్కువైతే ఉప్పునీటికి దారి అంత సులువు.

మరి ఈ సున్నాన్ని ఏం చేయాలి? ఉపాయం పాతదే. మన పూర్వులు సున్నంలో సుర్ఖీని, అంటే మెత్తటి ఇటుక పొడిని కలిపి, గానుగ ఆడించి గచ్చు చేసేవారు. రోమనులు సున్నంలో అగ్నిపర్వత బూడిద కలిపేవారు. అది దొరికిన పొజ్జువోలి అనే ఊరి పేరు మీదనే ఇలాంటి పదార్థాలను పొజొలానాలు అంటున్నాం. వీటిలోని సిలికా సున్నంతో ఇలా చర్య జరుపుతుంది:

తడిసున్నం + సిలికా + నీరు → కాల్షియం సిలికేట్ హైడ్రేట్

చూశారా, బలహీనమైన సున్నం పోయి, మళ్ళీ ఆ జిగురే వచ్చింది! అది రంధ్రాలను కూడా పూడుస్తుంది.

"ఇసుకలోనూ సిలికా ఉంది కదా, అది చాలదా?" అని మీరు అడగవచ్చు. ఇసుకలో పరమాణువులు క్రమబద్ధంగా, స్ఫటికాలుగా బిగిసి ఉంటాయి. కొలిమిలో కరిగి చప్పున చల్లారిన బూడిదలో అవి గాజులో వలె క్రమం లేకుండా ఉంటాయి. అందుకే సున్నంతో తేలికగా చర్య జరుపుతాయి.

ఇటువంటి బూడిద రామగుండం, కొత్తగూడెం వంటి థర్మల్ విద్యుత్ కేంద్రాలలో బొగ్గుపొడిని మండించినపుడు లభిస్తుంది. పొగతోపాటు ఎగిరిపోకుండా దీనిని పట్టి ఉంచుతారు. విశాఖపట్నం వంటి చోట్ల ఉక్కు కర్మాగారాలలో వెలువడే లోహమలాన్ని కూడా నీటితో చప్పున చల్లార్చి, మెత్తగా పొడిచేసి వాడతారు. భారతీయ ప్రమాణాల ప్రకారం సిమెంటులో బూడిద 15 నుండి 35 శాతం వరకు, లోహమలం 25 నుండి 70 శాతం వరకు ఉండవచ్చు.

అలాగని సున్నమంతా పోవాలని కాదు. దాని క్షారగుణమే చువ్వల మీద సన్నని రక్షణ పొరను నిలుపుతుంది. అందుకే బూడిదకు హద్దు ఉంది. ఇంకొక సంగతి. బూడిద చేసే చర్య చాలా నిదానం. వారాలు, నెలల తరబడి సాగుతుంది. నీరు లేకపోతే ఆగిపోతుంది. కాబట్టి బూడిద కలిపిన కాంక్రీటును మామూలు దానికంటే ఎక్కువ రోజులు తడుపుతూ ఉండాలి. ఆ పని మానేస్తే బూడిద కలిపిన ప్రయోజనం దక్కదు.

మీ ఊరిలో ఇల్లు కడుతున్న చోట సిమెంటు బస్తాను చూడండి. 'పొజొలానా' అనిగాని, 'స్లాగ్' అనిగాని ఉందా? ఉంటే, ఎన్ని రోజులు తడుపుతున్నారో మేస్త్రీని అడిగి తెలుసుకోండి.