తప్పులు నేర్చుకుని వేసే నాటకం

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో నాటకం గొడవ మొదలవుతుంది. వేషాలు ఎవరికి, తెరకు దుప్పట్లు ఎవరివి, మాట మరచిపోతే వెనుక నుంచి అందించేది ఎవరు? మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక నాటకంలో చచ్చిపడి ఉన్న పాత్రధారిని దోమ కుట్టింది. శవం చెంప మీద చెళ్ళున కొట్టుకుంది. ముందు కుర్చీల్లోని అతిథుల దగ్గర నుంచి వెనుక నిలబడ్డ వంటవాళ్ళ దాకా అందరూ పగలబడి నవ్వారు. మా మిత్రుడు మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు.

పీజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నప్పుడు ఇలా చెడిపోవడమే కథగా ఉన్న నాటకాలు కొన్ని మాకు తెలిశాయి. తమ్ముళ్ళకు ఉపయోగపడతాయని వాటిలో రెండింటిని గురించి ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది 'ద ప్లే దట్ గోస్ రాంగ్'. హెన్రీ లూయిస్, జొనాథన్ సేయర్, హెన్రీ షీల్డ్స్ అనే ముగ్గురు కలిసి రాశారు. 2012లో లండన్‌లో ఒక పబ్బు పై అంతస్తులోని చిన్న థియేటర్‌లో మొదలై, 2014లో డచెస్ థియేటర్‌కు చేరింది. 2015లో ఉత్తమ కొత్త హాస్యనాటకంగా ఒలివియర్ అవార్డు పొందింది. కార్న్‌లీ పాలిటెక్నిక్ నాటక సంఘం (ఇది కల్పితం) ఒక హత్య కథను ప్రదర్శిస్తుంటుంది. తలుపు తెరుచుకోదు. శవం చేతిని ఎవరో తొక్కుతారు. కష్టమైన మాటల్ని అరచేతిలో రాసుకొచ్చిన నటుడు వాటిని కూడా తప్పు చదువుతాడు. ఒకరు పొరపాటున వెనుకటి మాట అందించడంతో అదే సంభాషణ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కథానాయిక దెబ్బ తగిలి స్పృహ తప్పితే, తెర వెనుక పని చేసే అమ్మాయి పుస్తకం పట్టుకుని ఆ వేషం వేస్తుంది. కాసేపటికి ఆమెకు వేషం రుచి తెలిసి, అసలు నాయిక లేచి వచ్చినా దిగిపోనంటుంది! చివరకు సెట్టు మొత్తం కూలుతుంది.

చూసేవారికి ఇదంతా గందరగోళమే. కాని గోడ పడితే నటుడి పక్కన పడాలి, నెత్తిన పడకూడదు. ప్రతి రాత్రీ అదే క్షణంలో, అదే చోట పడాలి. న్యూయార్క్‌లో ఆడినప్పుడు ఆ సెట్టు రూపొందించిన నైజెల్ హుక్‌కు 2017లో టోనీ అవార్డు వచ్చింది. సరిగా నిలబడే గోడ కట్టడం కంటే సరిగా కూలే గోడ కట్టడం కష్టమని మాకు అప్పుడు అర్థమైంది. ఇంకొక సంగతి. లోపలి నటులకు తాము హాస్యం ఆడుతున్నామని తెలియదు. వారు ప్రాణం పెట్టి హత్య కథే ఆడతారు. వేషగాడు తన తప్పుకు తానే నవ్వాడా, జనం నవ్వు అక్కడే ఆగిపోతుంది.

రెండవది షేక్‌స్పియర్ 1595-96 ప్రాంతంలో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'. ఏథెన్స్ ప్రభువు థీసియస్ పెళ్ళికి ఆరుగురు పనివాళ్ళు నాటకం వేస్తారు. ఒకడు వడ్రంగి, ఒకడు నేతగాడు, ఒకడు దర్జీ, ఒకడు పాత్రలకు మాట్లు వేసేవాడు, ఒకడు కొలిమి తిత్తులు బాగుచేసేవాడు, ఒకడు కొయ్య సామాను చేసేవాడు. ఈ చివరివాడు స్నగ్. వాడిది సింహం వేషం. తనకు చదువు తొందరగా ఎక్కదని, మాటలు రాసి ఉంటే ముందే ఇమ్మని అడుగుతాడు. గర్జించడమే కదా, రాసిందేమీ అక్కరలేదంటాడు వడ్రంగి క్విన్స్. క్లాసులో అందరూ నవ్వారు గాని, మాకు నవ్వు రాలేదు.

ఆ క్విన్స్ ప్రభువు ముందు స్వాగతం చెబుతూ ఆగకూడని చోట ఆగుతాడు. మర్యాద కాస్తా అమర్యాద అయిపోతుంది. తెలుగులో చెప్పాలంటే, "అతిథులు మాకు భారం కాదు, గౌరవం" అనవలసింది "అతిథులు మాకు భారం. కాదు గౌరవం" అన్నట్లు! విరామ చిహ్నాలకు రెండు మార్కులేనని వదిలేసేవారు ఈ ఘట్టం తప్పక చదవాలి.

అయితే ఈ నవ్వు వెనుక భయం ఉంది. సింహాన్ని చూసి దొరసానులు జడుసుకుంటే తమ అందరినీ ఉరి తీస్తారని వీళ్ళు రిహార్సల్లోనే బెదురుతారు. అందుకే సింహం ముందుకు వచ్చి, నేను స్నగ్‌ను మాత్రమేనని చెప్పుకుంటుంది. నాటకం జరిగి ఉంటే నేతగాడు బాటమ్‌కు బతికినంతకాలం రోజుకు ఆరు పెన్నీలు దక్కేవని తోటివాడు బాధపడతాడు. కుర్చీల్లో కూర్చున్న దొరలకు ఇవేవీ పట్టవు. భక్తితో ఇచ్చింది ఏదైనా స్వీకరించాలని ముందు మంచిమాట చెప్పిన థీసియస్ కూడా తీరా నాటకం మొదలయ్యాక ఎగతాళిలో కలుస్తాడు.

చంద్రుడి వేషం దర్జీ స్టార్వెలింగ్‌ది. చేతిలో లాంతరు, ముళ్ళకంప, వెంట కుక్క. పద్యం ఎత్తుకున్నప్పుడల్లా దొరలు అడ్డు తగులుతారు. చివరకు వాడు పద్యం వదిలేసి మామూలు మాటల్లో, ఈ లాంతరే చంద్రుడు, చంద్రుడిలో మనిషిని నేను, ఈ కంప నాది, ఈ కుక్క నాది అని చెప్పేస్తాడు. ఆరుగురిలో ఎవరూ వేదిక దిగి పారిపోరు. నాటకం పూర్తి చేసే వెళతారు. కార్న్‌లీ వాళ్ళూ అంతే.

కాని రెండు నవ్వులూ ఒకటి కాదని మా అభిప్రాయం. లండన్ నటులు నాటకం చదువుకున్నవారు. తప్పు వారు ఎంచుకుని చేసింది, నవ్వు వారి చేతిలో ఉంది. ఏథెన్స్ పనివాళ్ళకు ఆ అవకాశం లేదు. మా మిత్రుడికీ లేదు.

ఈసారి ఇలాంటి నాటకం వేద్దామనుకునే తమ్ముళ్ళు ముందుగా తప్పులేమీ లేకుండా మొత్తం నాటకం నేర్చుకోండి. ఆ తర్వాతే తప్పులు ఒక్కొక్కటిగా చేర్చండి. కూలేవాటికి అట్టముక్కలే వాడండి, ఇనుప ట్రంకుపెట్టెలు వద్దు. శవం వేషానికి సలహా కావాలంటే మా మిత్రుణ్ణి అడగండి. ఆ రోజు తప్పక వస్తానన్నాడు. దోమ ఏ మాట దగ్గర కుట్టాలో అతను చెబుతాడు.