ఆయన షిఫ్టు మారితే నా నడక ఆగిపోతోంది

సమస్య

అక్కా,

మాది భూపాలపల్లి. పుట్టిల్లు మానుకోట దగ్గర పల్లె. నాకు నలభై ఒక్క ఏళ్లు. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ఆపరేటర్. బాబు ఇంటర్, పాప ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. పోయినేడు రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏవన్‌సీ 6.1 వచ్చింది. "షుగర్ ఇంకా రాలేదు, గడప దాకా వచ్చింది. రోజూ అరగంటన్నా నడువమ్మా" అన్నారు డాక్టరు సారు.

ఆ వారమే బూట్లు కొనుక్కున్న. కాలనీ ఆడవాళ్లతో కలిసి పొద్దున్నే గ్రౌండుకు పోవుడు మొదలుపెట్టిన. కొన్ని రోజులు బాగానే నడిచింది, తర్వాత ఆగింది. మళ్లీ మొదలుపెట్టిన, మళ్లీ ఆగింది. నడక బోరు కొడుతుందేమో అనుకుని యూట్యూబ్ చూసి యోగా చేసిన, తర్వాత జుంబా, ఆ తర్వాత స్కిప్పింగ్. ఏదీ నెల దాటలేదు. ఆయనకు షిఫ్టు మారినప్పుడల్లా నాది తప్పిపోతుంది. అది పక్కన పెట్టండి, అసలు కారణం నా బద్ధకమే. ఆయన చూడండి, ఏ షిఫ్టులో ఉన్నా షటిల్‌కు పోవుడు మానరు.

జనగామలో ఉండే మా చెల్లె రోజూ రాత్రి పదివేల అడుగులు నడిచినట్టు ఫోన్‌లో ఫొటో పంపిస్తుంది. అది చూస్తే ఏడుపొస్తుంది. మా అమ్మకు చెప్తే "మేం మిరప చేన్లల్ల పనిచేసినం బిడ్డా, ఎన్నడన్న వాకింగు పోయినమా?" అని నవ్వుతుంది. "ఇంటిపని చాలదా ఒంటికి?" అంటుంది అత్తమ్మ. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం ఏటా ఒక్కరోజు తప్పకుండా ఆడుత, కోలాటం కూడా వేస్త. మిగతా ఏడాదంతా ఆ హుషారు ఎటు పోతుందో తెలియదు. మనసు నిలబడే ఉపాయం చెప్పండి. విసుగు రాకుండా మార్చి మార్చి చేసే వ్యాయామాలు కూడా చెప్పండి.

– ఒక చెల్లె, భూపాలపల్లి

సలహా

చెల్లెమ్మా,

"అది పక్కన పెట్టండి" అన్నావు. నేను పెట్టను. వ్యాయామం మీద ఉత్సాహం పోయిందని నాకు చాలా ఉత్తరాలు వస్తాయి, అన్నిటికీ జవాబు రాయలేను. నీకు రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. అసలు కారణాన్ని నువ్వే రాసి, నువ్వే కొట్టేసి, దాని పక్కన బద్ధకం అని రాసుకున్నావు.

గని ఊళ్లలో షిఫ్టులు ఇంటిని ఎలా నడిపిస్తాయో నాకు తెలుసు. ఆయనది ఫస్ట్ షిఫ్టు అయితే చీకటితో లేచి టిఫిన్ బాక్సు కట్టాలి. కాలనీ వాళ్లు గ్రౌండుకు బయల్దేరే వేళకు నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు. సెకండ్ షిఫ్టు అయితే ఆయన అర్ధరాత్రికి ఇల్లు చేరతారు, అన్నం వేడిచేసి పెట్టి పడుకునేసరికి ఇంకా ఆలస్యం, పొద్దున మెలకువ రాదు. నైట్ షిఫ్టు అయితే ఆయన పొద్దున వచ్చి పడుకుంటారు. ఇంట్లో చప్పుడు కాకూడదు, ఇక జుంబా ఎక్కడ, స్కిప్పింగ్ ఎక్కడ! ఈ మూడింటిలో నీ అరగంట ఎందులో ఉంది?

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక కొత్త పని, ఆలోచించకుండానే చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని అందులో తేలింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరి లెక్క 254 దాకా పోయింది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. రోజూ ఒకే వేళకో, ఒకే పని తర్వాతో చేయడం అక్కడ ముఖ్యం. నీ ఇంట్లో ఆ వేళే వారానికోసారి తారుమారవుతోంది. అంత కదిలిపోయే ఇంట్లో ఉండి కూడా నువ్వు ఇన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టావు. బద్ధకం ఉన్న మనిషి రెండోసారే బూట్లు అటక మీద పెట్టేసేది.

ఇప్పుడు మీ ఆయనతో ఒక మాట. ఈ పేజీ ఆయనకు చూపించు. అయ్యా, మీరు ఏ షిఫ్టులో ఉన్నా షటిల్‌కు పోగలుగుతున్నారంటే మీకు పట్టుదల ఉందనే అనుకుందాం. కానీ మీరు రాకెట్ పట్టుకుని గడప దాటుతున్నప్పుడు టీ గిన్నె, పాప జడ, మీ అమ్మగారి బీపీ మాత్ర ఎవరి చేతిలో ఉన్నాయి? మీ ఆటకు వేళ చేసిపెడుతున్న మనిషి తన నడకకు వేళ లేక తనను తాను తిట్టుకుంటోంది. ఇన్నాళ్లలో మీకు ఇది కనిపించకపోవడం తప్పు. షటిల్ మానేయమని నేను అనను. మీరు ఇంట్లో ఉన్న వేళల్లో ఆమెకు అరగంట వదిలిపెట్టండి. "నేను సాయం చేస్తాలే" అనకండి, అది మీ ఇల్లు కూడా.

ఈ మాట ఒక్క మీ ఇంటి గురించే కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే చూడు. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నారు. ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్లయినా ఇస్తున్నది 88 నిమిషాలే. మన దేశంలో ఒంటికి చాలినంత కదలిక లేని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం అని అదే ఏడాది లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక అచ్చువేసింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే నాకు కోపం వస్తుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు నిలబడే మనిషికే వ్యాయామం కరువు.

కుటుంబాల్లో నేను చూస్తున్నది ఇదే. పిల్లాడి ట్యూషన్‌కు ఒక టైం ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాయన డ్యూటీకి టైం ఉంటుంది, పెద్దావిడ సీరియల్‌కు కూడా ఉంటుంది. అమ్మకు మాత్రం మిగిలిన టైం. అందరివీ అయ్యాక ఏమైనా మిగిలితే అది ఆమెది, ఆ మిగిలిన దాంట్లో కూడా ఎవరో ఒకరు "అమ్మా, నా సాక్సు ఎక్కడ" అని కేక వేస్తారు. అరగంట బయటికి పోవాలంటే ఆమె ముందే నాలుగు పనులు ముగించి, ఇద్దరికి చెప్పి, తప్పు చేసినట్టు తలుపు దగ్గరికేసి పోతుంది. షుగర్ వచ్చాక మాత్రం అందరూ కలిసి ఆస్పత్రికి తీసుకుపోతారు, పత్యం కూడా వండిపెడతారు. ఆ ప్రేమలో అరగంట ముందే ఇస్తే ఏం పోయింది?

మీ అమ్మ మాటను కొట్టేయకు. మిరప చేనులో వంగి, లేచి, బస్తా ఎత్తి బతికిన ఒళ్లు ఆమెది, దానికి వాకింగ్ అక్కర్లేకపోయింది. నీ పని అది కాదు. అత్తమ్మ చెప్పిన ఇంటిపని అలసటనిస్తుంది, నిజమే. కానీ ఊపిరి వేగం పెరిగేలా ఆపకుండా సాగే కదలిక అందులో తక్కువ. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటిది, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని, ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. షుగర్ గడప దాకా వచ్చిన నీలాంటి వాళ్ల మీదే మన దేశంలో చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది. తిండి, కదలిక మార్చుకున్న వాళ్లలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. ఇంట్లో వాళ్లకు ఈ అంకెలు వినిపించు. నీ నడకను సోకు అనుకునే వాళ్లకు అది నీ మందు అని తెలియాలి.

మార్చి మార్చి చేసేవి అడిగావు కదా. నీ ఇంట్లో షిఫ్టే వారం వారం మారుతోంది, వ్యాయామాన్ని కూడా దానికే కట్టెయ్యి. సెకండ్ షిఫ్టు వారం ఆయన పొద్దున ఇంట్లోనే ఉంటారు, టీ, పిల్లల టిఫిన్లు ఆయనకు అప్పజెప్పి గ్రౌండుకు పో. రాత్రి అన్నం వేడిచేసుకోవడం కూడా ఆయనకు చేతనవుతుంది. ఫస్ట్ షిఫ్టు వారం ఆయన మధ్యాహ్నానికి వచ్చేస్తారు, నీ నడక సాయంత్రానికి మార్చు. నైట్ షిఫ్టు వారం చప్పుడు చేయని పనులు పెట్టుకో: కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ తోయడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం. కండరాలకు కావలసింది ఇదే, పక్క గదిలో పడుకున్న మనిషికి నిద్ర చెడదు.

ఇక కోలాటం. హుషారు ఎటు పోతుందో తెలియదన్నావు, నాకు తెలుసు. బతుకమ్మకు పక్కింటి వాళ్లు వచ్చి పిలుస్తారు, ఆ తొమ్మిది రోజులూ నిన్ను పోవద్దనే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. అవే చేతులు, అవే కోలలు. సద్దుల బతుకమ్మతో వాటిని మూలన పెట్టకుండా వారానికి రెండు సాయంత్రాలు కాలనీలో ఆడండి. నువ్వే నలుగురిని పిలువు. ఎప్పుడన్నా ఆదివారం పిల్లలతో గణపురం కోటగుళ్లకో, పాలంపేట రామప్ప గుడికో పోండి. నాట్యగురువు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి చూసింది రామప్ప శిల్పాలనే. ఆ శిల్పాల్లోని నర్తకుల భంగిమలు పిల్లలతో కలిసి వేసి చూడు, తొడలకు పని ఎంతో తెలుస్తుంది.

చెల్లె పంపే ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. పదివేల అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు ప్రచారంతో పుట్టింది, వైద్యులు పెట్టిన హద్దు కాదు. రాత్రిపూట ఫొటో వద్దని, పొద్దున నడిచేటప్పుడు ఫోన్ చేసి మాట్లాడమని చెప్పు. ఆమె జనగామలో, నువ్వు భూపాలపల్లిలో, ఇద్దరూ కలిసి నడవొచ్చు.

మొదలుపెట్టడానికి మంచి రోజు చూడకు, ఆయన సెకండ్ షిఫ్టు వారం వచ్చిన మొదటి పొద్దున చాలు. మూడు నెలలయ్యాక హెచ్‌బీఏవన్‌సీ మళ్లీ చేయించుకో, ఆ పరీక్ష చూపేది రెండు మూడు నెలల సగటే. పోయేటప్పుడు ఆయన్ను కూడా తీసుకుపోయి ఆయనదీ చేయించు. రోజంతా నిలబడి, మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీట్లో కూర్చునే బస్సు డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువని లండన్‌లో జెరెమీ మోరిస్ 1953లోనే చూపించాడు. డంపర్ సీటు కూడా సీటే.