నాలుగు గొంతులు, ఒక పాట

మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న కేరమ్ డౌన్స్ పేరు వినగానే మనవారికి శివవిష్ణు ఆలయం గుర్తుకు వస్తుంది. అక్కడ 1994లో కుంభాభిషేకం జరిగింది. మన గుళ్ళలో భజన ఎలా సాగుతుందో మీకు తెలుసు. ఒకరు పాట ఎత్తుకొంటారు. తక్కినవారు అదే వరసను అందుకొంటారు. వంద గొంతులున్నా వరస ఒక్కటే.

ఇదే మెల్బోర్న్‌లో మరొక తీరున పాడే స్త్రీల బృందాలు ఉన్నాయి. వారి పాటను బార్బర్‌షాప్ పాట అంటారు. బార్బర్‌షాప్ అంటే క్షౌరశాల. ఆడవారి పాటకు ఆ పేరేమిటని నవ్వకండి. మన పల్లెల్లో పెళ్ళికి సన్నాయి, డోలు వాయించేది ఎవరు? చాలా చోట్ల నాయీబ్రాహ్మణులే. అమెరికాలోనూ క్షౌరశాలకూ సంగీతానికీ అటువంటి చుట్టరికమే ఉంది. 19వ శతాబ్దం చివర అక్కడి నల్లజాతివారు క్షౌరశాలల్లో కూడినప్పుడు నలుగురేసి గొంతు కలిపి పాడుకొనేవారు.

ఈ పాటకు వాద్యాలు ఉండవు. బృందంలో ఎందరున్నా భాగాలు నాలుగే. అసలు వరస పాడేది లీడ్. ఆ పైన పలికేది టెనర్. అడుగున నిలిచేది బేస్. మిగిలిన ఖాళీని పూరించేది బారిటోన్. పాపం, బారిటోన్ వరసను విడిగా వింటే అది ఏ పాటో పోల్చుకోవడం కష్టం! కాని అది లేకపోతే పాట వెలితిపడుతుంది.

తంబురాలో మంద్ర షడ్జమం తీగను మీటితే అంతర గాంధారం తనంతట తాను వినిపిస్తుంది. ఇక్కడా అంతే. నాలుగు భాగాలవారు స, గ, ప, ని స్వరాలను ఒకేసారి పలికి శ్రుతి సరిగ్గా కుదిరితే, ఆ స్వరాల కంపనాలు 4, 5, 6, 7 నిష్పత్తిలో నిలుస్తాయి. అప్పుడు ఎవరూ పాడని పై స్వరం ఒకటి మోగినట్లు వినిపిస్తుంది. అందుకోసం నిషాదాన్ని పియానో మెట్టు కన్న కొంచెం దించి పాడాలి. గట్టిగా పాడేవారి కన్న పక్కవారిని శ్రద్ధగా వినేవారే ఇందులో రాణిస్తారని నా అభిప్రాయం.

1938లో అమెరికాలోని తుల్సా నగరంలో ఈ పాట కోసం ఒక సంఘం వెలిసింది. అది పురుషులకు మాత్రమే. 1945లో అదే ఊరిలో ఎడ్నా మే ఆండర్సన్ అనే ఆమె ఇంట స్త్రీలు కూడి, స్వీట్ అడెలైన్స్ అనే తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. మగవారి సంఘంలో చోటులేని ఆ స్త్రీలే తరువాత మరికొందరికి చోటు లేదన్నారు. 1950ల చివర, తెల్లజాతి స్త్రీలకే సభ్యత్వమని నియమం పెట్టారు. నల్లజాతివారి గొంతుల్లో పెరిగిన పాటకు ఇటువంటి నియమమా! ఇది నచ్చనివారు విడిపోయి 1959లో హార్మొనీ ఇన్‌కార్పొరేటెడ్ అనే మరో సంఘం ఏర్పరచుకొన్నారు. 1966లో స్వీట్ అడెలైన్స్ ఆ నియమాన్ని తీసివేసింది. పురుషుల సంఘం స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 2018లో.

ఇప్పుడు స్వీట్ అడెలైన్స్ బృందాలు ఆస్ట్రేలియాలోనూ పాడుతున్నాయి. స్వరలిపి చదవడం రానివారు తమ భాగం రికార్డును ఇంట్లో పదేపదే విని నేర్చుకొంటారు.

మీరూ ముగ్గురేసి నిలబడండి. ఒకరు స, ఒకరు గ, ఒకరు ప పట్టి ఊపిరి ఉన్నంతసేపు నిలపండి. తక్కినవారు కళ్ళు మూసుకొని వినండి. పక్కవారి స్వరంలోకి జారిపోతే నవ్వుకొని మళ్ళీ మొదలుపెట్టండి.