గ్యాసు పొయ్యిలో చిన్న మంట

అగ్గిపెట్టె సులభముగా దొరకని దినములలో మన గ్రామముల ఇల్లాండ్రు రాత్రి వంట ముగిసిన పిదప నిప్పుకణికలపై బూడిద కప్పి, తెల్లవారువరకు నిప్పును నిలుపుకొనెడివారు. నిప్పు ఆరిన ఇంటివారు పిడక చేతబట్టి పొరుగింటికి పోయెడివారు. నేడు పాఠశాలలలో మధ్యాహ్న భోజనము వండు పెద్ద గ్యాసు పొయ్యిలలో కొన్నిటికి, ప్రధానమైన బర్నరు ప్రక్కన చిటికెనవ్రేలి కొనయంత మంట ఒకటి అమర్చబడియుండును. దీనిని పైలట్ అందురు. ఇదియు నిప్పును నిలుపుకొను ఉపాయమే. అయితే బూడిద క్రింది నిప్పుకు ఖర్చు లేదు. ఈ మంటకు కలదు. వంటశాలను చూడబోవు పంచాయతీ సభ్యులు మొదట గుర్తింపవలసిన భేదమిది.

చిన్న మంటకు గ్యాసు ఎంత పట్టునని సాధారణముగా ఎవరును లెక్కింపరు. గంటకు 20 గ్రాములు కాల్చు మంటను తీసికొందము. పొయ్యినిబట్టి ఇది కొంత ఎక్కువ తక్కువలుగా నుండవచ్చును. వంట జరుగు మూడు గంటలు మాత్రమే వెలిగినచో దినమునకు 60 గ్రాములు. ఉదయము అంటించి సాయంకాలమువరకు ఎనిమిది గంటలు విడిచినచో 160 గ్రాములు. రాత్రింబవళ్లు నెల దినములు వెలిగినచో 14 కిలోల 400 గ్రాములు. ఇంటివాడుక సిలిండరులో నుండు గ్యాసు 14.2 కిలోలే. ఒక్క మెతుకైనను ఉడుకకుండ నిండు సిలిండరు ఖాళీయగునన్నమాట! పొయ్యికి మూడు పైలట్లున్నచో నష్టము మూడింతలు. అమెరికా దేశమున 2012 ఏప్రిల్ నుండి తయారగు ఇంటి గ్యాసు వంటపొయ్యిలలో నిరంతరము వెలుగు పైలట్ మంటను నిషేధించుటకు ఈ వృథాయే కారణము.

ఒక పాఠశాలలో మేము ఈ లెక్క చెప్పగా వంట చేయు ఆమె ఇట్లనెను: "అయ్యా, పెద్ద పొయ్యి భగ్గుమని అంటుకుంటుంది. అగ్గిపుల్ల పట్టుకుని వంగాలంటే భయం. వానాకాలంలో పుల్లలు చెమ్మగిల్లి వెలగవు కూడాను. అందుకే దీన్ని ఆర్పను." ఆమె మాటలో న్యాయము కలదు. వంటమనిషిని మందలించినంత మాత్రమున గ్యాసు మిగులదు. చేతికి సెగ తగులని పొడుగుపాటి లైటరు నొకదానిని కొని యిచ్చి, వంట ముగియగానే పైలట్ మరను, తరువాత సిలిండరు వాల్వును మూయు అలవాటు చేయించవలెను. లైటరు ఖరీదు స్వల్పము. ఫలితము తెలియగోరువారు, ఇంచుమించు అంతే మంది పిల్లలు భుజించు పది దినములు పాతపద్ధతిని, పది దినములు క్రొత్తపద్ధతిని నడిపించి, సిలిండరును ముందు వెనుకల తూచి చూడవచ్చును.

ఖర్చుకన్న మిన్నయైనది ప్రాణభయము. గాలి విసరుకు గాని, పొంగిన గంజికి గాని చిన్న మంట ఆరినచో, గ్యాసు వెలువడుచునే యుండును. మంచి పొయ్యిలలో దీనికి రక్ష కలదు. రెండు వేరు లోహముల అతుకును వేడిచేసినచో స్వల్పమైన విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన మార్గమున ఏర్పడిన విషయమును ఆధారముగా గొని థర్మోకపుల్ అను కడ్డీని నిర్మించిరి. దీని కొన మంటలో నుండును. అందు పుట్టు విద్యుత్తు ఒక అయస్కాంతము ద్వారా గ్యాసు ద్వారమును తెరచి పట్టుకొనును. మంట ఆరి కొన చల్లబడగానే, సుమారు ఒక నిమిషములో ద్వారము తనంతట మూతపడును. అయితే మన వంటశాలలలోని పొయ్యిలు అనేకము ఈ రక్ష లేనివే. క్రొత్త పొయ్యి కొనునపుడు పంచాయతీవారు వెలయొక్కటే చూడక, ఈ సాధనము కలదో లేదో అడుగవలెను.

వంటగ్యాసు గాలికన్న ఒకటిన్నర మొదలు రెండు రెట్లు బరువైనది. కావున పైకి పోక నేలమీద, గుంటలలో, కాలువలలో నిలుచును. ఎత్తున కిటికీయున్నది గదాయని ధైర్యపడరాదు. నేలమట్టమున గాలి పోవు మార్గముండవలెను. మంట ఆరియుండుట కనబడినచో వెంటనే అంటింపరాదు. మరలన్నియు మూసి, తలుపులు బార్లా తెరచి, ఐదు నిమిషములైనను ఆగి, వాసన బొత్తిగా లేదని రూఢిచేసికొనిన పిమ్మటనే అంటింపవలెను. వాసన గట్టిగా నున్నచో విద్యుత్తు స్విచ్చిని వేయుటయు కూడదు, ఆర్పుటయు కూడదు. పిల్లలను దూరముగా పంపి, బయటకు వచ్చి, గ్యాసు ప్రమాదముల సహాయ సంఖ్య 1906కు ఫోను చేయవలెను.

ఇక సంరక్షణ. మంట నీలముగా, నిలకడగా నున్నచో పొయ్యి ఆరోగ్యముగా నున్నట్లు. పసుపుపచ్చగా రెపరెపలాడి గిన్నె అడుగున మసి పట్టించుచున్నచో, గాలి చాలుట లేదని అర్థము. అట్టి మంటవలన విషవాయువగు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి వాసన లేదు. గంజి, పప్పునురుగు, నూనె జిడ్డు గాలి రంధ్రములను పూడ్చుటయే తరచు కారణము. పొయ్యి చల్లారి, గ్యాసు మూసియున్నపుడు మెత్తని బ్రష్షుతో పైభాగమును శుభ్రము చేయవచ్చును. పైలట్ ముక్కులోని సన్నని రంధ్రమును మాత్రము గుండుసూదితో గాని, తీగతో గాని పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో మంట పెరిగి, ప్రతి గంటకును గ్యాసు అదనముగా పోవును. ఆ పని మెకానిక్కుది. ముక్కు అరిగినచో మార్చుటయే మేలు.

వేసవి సెలవుల పిదప, జూనులో పాఠశాల తెరచుటకు ముందు, ఒకసారి మెకానిక్కుచే పొయ్యిని పరీక్ష చేయించవలెను. వాడక పడియున్న బర్నరు గొట్టములలో సాలెపురుగులు గూళ్లు కట్టును. మొదటి దినమున మంట వెనుకకు తన్నుటకు ఇదియొక కారణము. రబ్బరు గొట్టముపై ముద్రించిన సంవత్సరమును కూడ అప్పుడే చూడవలెను. ఐదేండ్లు దాటిన గొట్టమును, పగుళ్లు కనబడకున్నను, మార్చవలెను. వాల్వులను మూయు క్రమమును, 1906 సంఖ్యను వంటశాల గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించినచో, క్రొత్తగా పనికి వచ్చినవారికిని తెలియును.